లినక్స్ వేశారు.. వైఫై రాలేదు!

సికింద్రాబాద్: ప్యారడైజ్ కూడలికి సమీపాన పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ల క్రయవిక్రయాలకు జంట నగరాల్లోనే కాక జిల్లాల్లోనూ సుపరిచితం. కొత్తవి కొనలేని విద్యార్థులు, చిరుద్యోగులు ఊళ్ల నుంచి వచ్చి వాడిన ల్యాప్‌టాప్‌లను బేరమాడి తీసుకెళ్తుంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలన్నది షరతు. ఇవి లేని యంత్రాలకు ఉచితంగా లభించే లినక్స్ మంచి మార్గం.

అయితే ఇంటికి చేరి ఉబుంటునో, మింట్‌నో ఎక్కించాక అన్నీ సవ్యంగా ఉండి వైఫై మాత్రం కనిపించకపోవడం పలువురికి ఎదురయ్యే చిక్కు. డ్రైవరు దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే వైఫై పనిచేయాలి. యంత్రం చెడిపోయిందనుకుని మళ్లీ సికింద్రాబాద్ రైలెక్కేవారూ, కొత్త వైఫై కార్డుకు డబ్బు పోసేవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో ఆ ప్రయాణమూ, ఆ ఖర్చూ అనవసరం.

పంపులో నీళ్లు నింపినట్లే..

బావి మీది మోటారు పంపులో ముందుగా నీళ్లు నింపనిదే అది నీరు తోడదు. అంతమాత్రాన మోటారు కాలిపోయిందని ఎవరూ అనుకోరు. వైఫై కార్డు తీరూ ఇంతే. అది తనకంటూ చిన్న ప్రాసెసర్ ఉన్న రేడియో. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామును కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరు దానిలో నింపాలి. విండోస్‌లో ఆ రెండూ తయారీ సంస్థ నుంచే వస్తాయి. లినక్స్‌లో డ్రైవరు ఉన్నా, ఫర్మ్‌వేర్‌పై హక్కులు సంస్థవి కావడంతో దాన్ని అందరికీ పంచే వీలు కొన్నిటి విషయంలో ఉండదు.

ఇంటెల్ తన ఫర్మ్‌వేర్ పంపిణీకి అనుమతించినందున ఆ కార్డులు సాధారణంగా పేచీ పెట్టవు. దీర్ఘకాలం సతాయించినవి బ్రాడ్‌కామ్ చిప్‌లు. ఆ సంస్థ వివరాలు వెల్లడించకపోవడంతో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రెండు బృందాలుగా విడిపోయారు. ఒక బృందం చిప్ నడతను పరిశీలించి రాసిపెడితే, ఆ రాత ఆధారంగానే రెండో బృందం డ్రైవరు రాసింది. అది 2006లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అప్పటికీ ఫర్మ్‌వేర్‌ను విండోస్ డ్రైవరులోంచి వేరుచేసి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2010 సెప్టెంబరులో గాని బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లలో కొన్నిటికి సొంతంగా బహిరంగ డ్రైవరు ఇవ్వలేదు. పాత డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో, యాపిల్ మ్యాక్‌బుక్‌లలో ఈ చిప్‌లు ఇప్పటికీ తారసపడతాయి. ఫర్మ్‌వేర్‌ను వేరుగా ఉంచడమే విధానంగా పాటించిన డెబియన్ సైతం 2022లో సభ్యుల ఓటింగు జరిపి, 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి దాన్ని ఇన్‌స్టాలర్‌తోపాటే అందిస్తోంది. కనుక పాత సీడీలు, పాత పెన్‌డ్రైవ్‌లు పక్కన పెట్టి తాజా విడుదలనే వాడటం మేలు.

ఫోనే ఆధారం

ముందుగా మీట చూసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లకు వైఫై ఆపే మీట అంచున ఉంటుంది, లేదా ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కేది ఉంటుంది. టెర్మినల్ తెరిచి చిన్న ఆంగ్ల అక్షరాలతో 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని కొడితే సంగతి తేలుతుంది. 'హార్డ్ బ్లాక్డ్' ఎదుట 'యస్' అని ఉంటే మీట కట్టి ఉందన్నమాట. తరువాత 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొడితే వచ్చే జాబితాలో 'నెట్‌వర్క్ కంట్రోలర్' వరుసలో చిప్ పేరు ఉంటుంది. పేరు కనిపించిందంటే కార్డును యంత్రం గుర్తించినట్లే. కొరత డ్రైవరుదో ఫర్మ్‌వేర్‌దో అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక ఇంటర్నెట్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఉబుంటు, మింట్‌లు దాన్ని తీగ కనెక్షన్‌గా భావించి వెంటనే అందుకుంటాయి. దీనికి వేరే డ్రైవరు అక్కర్లేదు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లతో ఇది సాధ్యం కాదు. ఆపై ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్', మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్' తెరిచి, చూపిన వైఫై డ్రైవరును ఎంచుకుని యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. సెక్యూర్ బూట్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే డ్రైవరు ఎక్కేటపుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తిరిగి ప్రారంభమయ్యేటపుడు నీలి తెరపై 'ఎన్‌రోల్ ఎంఓకే' అనే వరుస వస్తుంది. దాన్ని ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. అదేదో వైరస్ అని భయపడి దాటవేస్తే డ్రైవరు ఉండీ పనిచేయదు.

కార్డు మార్చడమే శరణ్యమని ఎవరైనా చెప్పినా తొందరపడరాదు. కొన్ని పాత హెచ్‌పీ, థింక్‌ప్యాడ్ యంత్రాలు తమ జాబితాలో లేని కార్డును బిగిస్తే అసలు తెరుచుకోవు.

డబ్బు చెల్లించే ముందే..

ఈ అవస్థ లేకుండా ఉండాలంటే దుకాణంలోనే పరీక్షించుకోవాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లేదా మింట్ ఎక్కించుకుని వెంట తీసుకెళ్లాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి నడిపే అవకాశం వస్తుంది. హార్డ్‌డిస్కు జోలికి పోకుండానే లినక్స్ తెరుచుకుంటుంది కాబట్టి దుకాణదారుకు అభ్యంతరం ఉండనక్కర్లేదు. అక్కడే సొంత ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడాలి. కలవకపోతే చిప్ పేరు రాసుకుని, అదే స్థితిలో టెథరింగ్ ద్వారా డ్రైవరు దొరుకుతుందేమో చూసి, ఆ తరువాతే బేరం తేల్చుకోవచ్చు. పది నిమిషాల పని.

వైఫై అంతటా పనిచేస్తూ ఇంట్లోని రౌటరు మాత్రమే కనిపించకపోతే అది వేరే వ్యవహారం. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005 జనవరిలో లైసెన్సు అవసరం తొలగించారు. ఇక్కడ 13 చానళ్లు వాడుకోవచ్చు. అమెరికాలో వాడేవి 11 మాత్రమే. దేశం తెలియని లినక్స్ 12, 13 చానళ్ల విషయంలో జంకుతుంది. రౌటరు ఆ చానళ్లలో ఉంటే టెర్మినల్‌లో 'సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్' అని కొట్టాలి. చివరి 'ఐఎన్' మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. అదీ కుదరకపోతే రౌటరునే 1, 6, 11 చానళ్లలో ఒకదానికి మార్చుకోవచ్చు.