కడవెండి నుంచి గల్వాన్ దాకా

జనగామ పల్లెలకు చైనా మాట సరిహద్దు తగాదాగా రాలేదు, భూమి తగాదాలో వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాక ఆంధ్ర మహాసభ సంఘం సాయుధమైంది. రెండేళ్లకు, మావో ఇంకా బీజింగ్ చేరకముందే, మనకు రష్యా దారి కుదరదు, చైనా రైతుల దారే దారి అని ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం వాదించింది. ప్రధాన కార్యదర్శి రణదివే ఆ వాదాన్నే కాదు, మావోనూ తప్పుపట్టారు. 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మరో ఇద్దరితో మాస్కో వెళ్తే, చైనా గెరిల్లాల వెనక సోవియట్ దేశం ఉంది, మీ వెనక ఎవరున్నారని స్టాలిన్ ఎత్తిచూపారు. ఆ అక్టోబరులో పోరాటం ఆగింది.

1962 యుద్ధంతో వాదన ముదిరింది. చైనాది దురాక్రమణ అన్నవాళ్లు కొందరు, చర్చలతో తేల్చుకోవాలన్నవాళ్లు కొందరు. ఈ రెండో పక్షంలో ఎందరో జైలుకెళ్లారు. 1964లో పార్టీ చీలింది, అదొక్కటే కారణం కాకపోయినా. తర్వాత నక్సలైట్లలో ‘చైనా చైర్మన్ మా చైర్మన్’ అనే నినాదం పుట్టింది. అది తప్పని 1970లో చెప్పింది స్వయంగా చైనా ప్రధాని చౌ ఎన్‌లై!

మానుకోట వైపు బయ్యారం, గార్ల ప్రాంతంలో మావోను నమ్ముతూనే ఓట్లకు నిలబడ్డ గుమ్మడి నర్సయ్య ఇల్లందు నుంచి అయిదుసార్లు గెలిచారు. భూపాలపల్లి దాటి గోదావరి అడవుల్లో తిరిగిన పీపుల్స్‌వార్ అన్నలు ఓటే వద్దన్నారు. అయితే మావో తర్వాతి చైనా సోషలిజాన్ని వదిలేసిందన్నది ఆ అన్నల మాటే.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్లలో 16 బిహార్ రెజిమెంట్ కమాండర్ కల్నల్ సంతోష్‌బాబుది జనగామ పక్కనే ఉన్న సూర్యాపేట. తన వైపు నలుగురు పోయారని చైనా చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ లెక్కను శంకించిన ఒక మాజీ విలేకరికి అక్కడ జైలుశిక్ష పడింది. ఆయుధాల లెక్కల కన్నా నన్ను కలవరపెట్టేది ఇదే. చైనా సైన్యం పార్టీ చేతిలో ఉంటుంది. పార్టీ అధినేత షీ జిన్‌పింగే కేంద్ర సైనిక కమిషన్‌కూ అధ్యక్షుడు. దేశాధ్యక్ష పదవికి రెండు దఫాల పరిమితినీ 2018లో తీసేశారు. బిడ్డ ఎలా పోయాడని అక్కడ ఒక తల్లి అడగాలంటే ఆ పార్టీనే అడగాలి.

చైనా భయాన్ని పెంచి ఆయుధాలు అమ్ముకునే దేశాలున్నాయన్న ఎర్రజెండా మిత్రుల మాట నిజమే. అక్కడి పేద రైతుకు భూమి దక్కిన మాటా నిజమే. కానీ దొరను నిలదీసిన నేల మీద నిల్చొని, ఎవరూ నిలదీయలేని పాలనను మెచ్చుకోలేను. మనకూ అలాంటి ఉక్కుపిడికిలే కావాలనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అదే సరిహద్దులోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై చైనాతో 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. అందులో ఏమిచ్చాం, ఏం తెచ్చుకున్నామో మన ప్రభుత్వం పార్లమెంటులో పూర్తిగా చెప్పాలి.