విద్యార్థియు వస్త్రక్షాళనమును

ఏటేట మన పల్లెలనుండి ఎందఱో పిల్లలు కళాశాలలలో చేరుటకై పట్టణములకు పోవుచున్నారు. వారి జీతమును గూర్చియు, భోజనమును గూర్చియు మనము విచారింతుము గాని, వారి బట్టలెవ్వరుదుకుదురని యడుగువారరుదు. విద్యార్థి వసతిగృహమున నుండిన కాలమున నేను నేర్చుకొనిన కొన్ని సంగతులను సకారణముగా మనవి చేసెదను.

మొదటిది నీరు. వాననీట చక్కగా నురుగునిచ్చు సబ్బు, పలుచోట్ల బోరునీట విఱిగి తెల్లని తెట్టుగా తేలును. ఆ నీట కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి, నీట కరగని పదార్థమగుటయే యిందులకు కారణము. ఆ తెట్టు నూలుపోగులలో చిక్కి తెల్లబట్టను బూడిదవన్నెకు దెచ్చును. కారణమెఱుగని పిల్లవాడు మఱింత సబ్బు రుద్దును. తెట్టు మఱింత హెచ్చును. అట్టి నీటికి సబ్బుకంటె డిటర్జెంటుపొడి మేలు.

రెండవది మరకలు. నెత్తురు, పాలు, గ్రుడ్డు మరకలను చన్నీటనే నానవేయవలెను. వేడినీరు పోసినచో వానిలోని మాంసకృత్తులు ఉడికిన గ్రుడ్డువలె గట్టిపడి పోగులను పట్టుకొనును. నూనెజిడ్డునకు మాత్రము వేడినీరే తగినది. పసుపుమరక సబ్బు తగులగనే యెఱ్ఱబడును, భయపడ నక్కఱలేదు. పసుపున సున్నము కలిపి పారాణి చేయు మన యాడువారు ఈ గుణము నెఱుగుదురు. బాగుగా జాడించి యెండలో వేసినచో ఆ మరక క్రమముగా వెలిసిపోవును.

మూడవది ఆరవేయుట. తడియారని బట్టలు కట్టుటవలనను, ఒకరి తువాలు నొకరు వాడుటవలనను తామర వ్యాపించును. బట్టను తిరుగవేసి, గాలియు నెండయు తగులుచోట ఆరవేసినచో కుట్లును జేబులును చక్కగా ఆరును. పైరంగును అంతగా వెలియదు.

నేడు కొన్ని వసతిగృహములలో బట్టలుదుకు యంత్రములున్నవి. అయినను రంగుబట్టలను వేఱుచేయుట, జేబులు తడవిచూచుట మనుష్యుని పనియే.

నాతోడి విద్యార్థులలో కొందఱు మాసినబట్టలను మూటగట్టి పదునైదు దినములకొకమాఱు ఇంటికి గొనిపోవుచుండిరి. వారమంతయు కూలిపని చేసిన తల్లి, ఆదివారము ఆ మూటముందు కూర్చుండవలసివచ్చెడిది. కూతురికి చిన్ననాడే నేర్పు పనిని కొడుకునకేల నేర్పము? తరతరములుగా మన బట్టలుదికిన రజకులకు నీటి గుణమును, మరకల తీరును బాగుగా తెలియును. ఆ పనిని తక్కువగా చూచితిమి గనుకనే ఆ తెలివి మనయిండ్లకు రాలేదు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నుండగా, చాకలివ్యయము తగ్గించుటకై పుస్తకము కొని చదివి తన కాలర్లను తానే యుదికికొనినట్లు ఆత్మకథలో వ్రాసెను.

కావున మీ మనుమని పట్టణమునకు పంపుటకు ముందు, ఒక నెలదినములు వాని బట్టలను వానిచేతనే యుదికింపుడు. బకెటును సబ్బును కొనియిచ్చుటతో సరిపెట్టక, దగ్గఱ కూర్చుండి చూపుడు. సెలవు.