పొద్దుగాల ఉరుకుడు, పట్నం గాలి

కానిస్టేబుల్ కొలువు కోసం ఊర్లకెల్లి హైదరాబాద్ వచ్చి రూముల్ల ఉంటున్న పోరగాళ్లు చలికాలంల గూడ ఐదింటికే లేచి మెయిన్ రోడ్డు పక్కన ఉరుకుతరు. 1600 మీటర్లు కొట్టాలె గదా. నేను గూడ అట్లనే ఉరికిన. పొద్దుగాల గాలి మంచిగుంటదన్నది ఊర్ల నేర్చుకున్న మాట. పట్నంల, అందునా చలికాలంల, ఆ మాట పనిచెయ్యది.

ఎందుకో ఊరి లెక్కనే చెప్త. డిసెంబర్ పొద్దుగాల కట్టెల పొయ్యి పొగను చూడున్రి. మీదికి పోదు, ఇండ్ల మీద దుప్పటి లెక్క పరుచుకుంటది. అదే ఎండకాలం పగటిపూటైతే సక్కగ పైకి పోయి కలిసిపోతది. చలికాలం రాత్రి నేల సల్లబడితే దాన్ని తాకిన గాలి గూడ సల్లబడి బరువైతది. దాని మీద వెచ్చటి గాలి మూత లెక్క కూసుంటది. నేల మళ్ల వేడెక్కేదాంక ఆ మూత లేవది. పట్నంల ఆ మూత కింద ఉండేది బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ, కాలవెట్టిన చెత్త. వరి కోసినంక మనం కొయ్యకాళ్లకు పెట్టే మంట గూడ ఈ రోజుల్లనే, అది గూడ ఒప్పుకోవాలె.

వానకాలం వేరే. వాన దుమ్మును కడుగుతది, పడమటి గాలి మిగిలింది ఊడ్చుకపోతది. ఎండకాలంల మూత లేస్తది గని రోడ్ల దుమ్ము లేస్తది, ఓజోన్ తయారైతది. బండ్ల పొగల వాయువులకు మండుటెండ తోడైతే పుట్టేదే ఈ ఓజోన్. ట్రాఫిక్ నడుమ కంటే పట్నం అవతల ఎక్కువుండొచ్చు. ఎందుకంటే సైలెన్సర్ల నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని తింటది.

అసలు భయం పీఎం 2.5 తోని. మనిషి వెంట్రుక మందంల దాదాపు 30వ వంతుండే నలుసులు, ఊపిరితిత్తుల లోపలిదాంక పోతయ్. ఒక రోజుకు మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల చెప్పింది 15. అంటే మన దగ్గర హద్దు దాటని రోజు గూడ ఆ లెక్కకు నాలుగింతలు ఉండొచ్చు.

‘హైదరాబాద్ గాలి ఇవ్వాల ఇంత’ అని చెప్పే ఒక్క నంబర్‌ను నేను పట్టించుకోను. చెట్ల నడుమ సెంట్రల్ యూనివర్సిటీల ఉన్న మీటర్, ఫ్యాక్టరీల నడుమ పాశమైలారంల ఉన్న మీటర్ ఒక్క తీరు ఎట్ల చూపిస్తయ్? మనం నిలబడ్డ సిగ్నల్ కాడనైతే మీటరే ఉండది. సమీర్ యాప్‌ల ఒక్కో మీటర్ లెక్క వేరేగ కనిపిస్తది, దగ్గరున్నది చూసుకోున్రి.

నేనిప్పుడు చలికాలంల సాయంత్రం నాలుగింటికి, రోడ్డుకు దూరమున్న గ్రౌండ్ల ఉరుకుతున్న. డెలివరీ బండి నడిపే నా రూమ్మేట్‌కు ఆ సౌలతు లేదు. ఆయన టైమ్ యాప్ చేతుల ఉన్నది.