ఇల్లాలి కంచము

మా తండ్రిగారు నా చిన్ననాట ఇంటివద్దనే నాకు భారతము చెప్పుచుండిరి. అరణ్యపర్వమున సూర్యభగవానుడు ధర్మరాజునకు అనుగ్రహించిన అక్షయపాత్ర కథ వచ్చినపుడు నేనొక ప్రశ్న వేసితిని. ఆ పాత్రలోని యన్నము ఎందరికి వడ్డించినను తరుగదు. ద్రౌపది భుజించిన పిమ్మటనే ఆనాటికి ముగియును. "ఆమె అందరికంటె చివర ఎందుకు తినాలి నాన్నగారూ?" అని యడిగితిని. ఆయన నవ్వి, "పెద్దయ్యాక నీకే తెలుస్తుంది లేమ్మా" అనిరి. పెద్దదాననైతిని. పెండ్లియైనది, ఇద్దరు బిడ్డలు కలిగిరి. అప్పుడు నాకు తోచిన యర్థ మొక్కటే: ఇల్లాలు చివరనే తినవలెను, తినకపోయినను ఎవరికిని లోటు లేదు. ఆ యర్థము తప్పని తెలిసికొనుటకు నాకు ముప్పదినాలుగేండ్లు పట్టినది. తెలిసిన విధమును దాచక మీకు చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము హైదరాబాదున అమీరుపేటలో ఒక అద్దెయింట కాపురమున్నాము. మావారు ఉపాధ్యాయులు. అమీరుపేట పేరెరుగని తెలుగువారు అరుదు. కంప్యూటరు విద్య నేర్చుటకు అన్ని జిల్లాలనుండియు వచ్చిన యువతీయువకులతో ఈ వీధులు నిండియుండును. అడుగడుగునకు శిక్షణాలయపు బోర్డు, దాని ప్రక్కనే ఆడపిల్లల హాస్టలు, దాని ముంగిట ఇడ్లీబండి. ఇచ్చటినుండి పంజగుట్టకు మెట్రో రైలులో ఒక్క స్టేషనే దూరము. నడచినను ఎంతోసేపు పట్టదు. దారిపొడుగునను చీరెల దుకాణములు, నగల దుకాణములు. వానిపై నిలువెత్తు పటములలో సన్నని నడుముల సుందరాంగులు. వాని నడుమ, ఇన్ని దినములలో ఇన్ని కిలోలు తగ్గింతుమను ప్రకటనలు. చదువు నేర్పెదమను కాగితమును, ఒడలు తగ్గించెదమను కాగితమును ఒకే స్తంభమునకు అంటించియుండును. నేను ఏండ్ల తరబడి ఆ దారిని నడచుచు, ప్రతి దుకాణపు అద్దములోను నన్ను చూచుకొని, నన్ను నేనే తిట్టుకొనుచుంటిని.

ఆ తిట్లకు మొదలు ఒక పెండ్లిలో పడినది. రెండవ కాన్పు తరువాత నా ఒడలు కొంత బరువెక్కినమాట నిజము. పెండ్లిపందిటిలో బంధువులలోని యొక పెద్దామె పదిమంది నడుమ నన్ను చూచి, "ఇదేమిటే, ఇంత లావయ్యావు! మీ ఆయన పక్కన నిలబడితే అక్కలా ఉన్నావు" అనెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. ఇంటికి వచ్చి తలుపు మూసికొని యేడ్చితిని. మరునాటినుండి ఉదయము ఫలహారము మానితిని, మధ్యాహ్నము పిడికెడన్నము, రాత్రి పస్తు. మూడు దినములు గెలిచితిననుకొంటిని. నాలుగవ రాత్రి అందరును నిద్రించిన పిమ్మట, వంటింటి దీపమైనను వెలిగింపక, పిల్లలకొరకు చేసియుంచిన జంతికల డబ్బా సగము ఖాళీ చేసితిని. ఆ సిగ్గుతో మరునాడు మరింత కఠినమైన పస్తు. దాని వెనుక మరల చీకటిభోజనము. మధ్యమధ్య పిల్లల కంచములలో మిగిలినదంతయు, పారవేయుటకు మనసొప్పక, వంటగట్టు ప్రక్క నిలుచుండి నేనే తినుచుంటిని. అది భోజనముక్రింద లెక్కకు రాదని నా నమ్మకము! ఇట్లు ఎనిమిది మాసములు గడచినవి.

ఒకనాడు పంజగుట్ట మెట్రో స్టేషను మెట్లెక్కుచు కన్నులు తిరిగి పడిపోతిని. పేరైన తెలియని యొక హాస్టలు పిల్ల నా తలను తన ఒడిలో నిడుకొని నీళ్లు త్రాగించినది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 8 గ్రాములే యున్నదని తేలినది. స్త్రీకి 12 గ్రాములైనను ఉండవలెనట. వైద్యురాలు నాతో, "బరువు సంగతి తరువాత చూద్దామమ్మా. మీరు లావుగా ఉన్నారని మీరనుకుంటున్నారు, మీ ఒళ్ళు మాత్రం ఆకలితో ఉంది" అనెను. ఒడలు పెద్దదై యుండియు ఆకలితో నుండవచ్చునని నాకు అంతకుముందు తోచనేలేదు.

అంతటితోనైనను నాకు బుద్ధి వచ్చెడిది కాదేమో. ఆ వారముననే పండ్రెండేండ్ల మా అమ్మాయి రాత్రి కంచమును ముందునకు త్రోసి, "నాకొద్దమ్మా. నువ్వు రాత్రి తినవుగా! నాకు కూడా పొట్ట ఉందని మా క్లాసులో అంటున్నారు. నేనూ తినను" అన్నది. సోదరీమణులారా! నేను దానికి పద్యములు నేర్పితిని, లెక్కలు నేర్పితిని. నేర్పవలెనని తలపనిదానినే అది అన్నిటికంటె బాగుగా నేర్చుకొన్నది. పెండ్లిలో నాకు తగిలిన మాటను నేనే తెచ్చి నా బిడ్డ కంచములో వడ్డించితిని.

నాటినుండి నేనును మావారును ఈ విషయమై దొరకినదెల్ల చదివితిమి. ముందు నా చీకటిభోజనమునుగూర్చి చెప్పెదను. అది నా చాపల్యమనియే నమ్మియుంటిని. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944-45 సంవత్సరములలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యవంతులై తమంతట ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆరు మాసములపాటు ఆహారము తగ్గించి పరీక్షించెను. వారికి క్రమముగా తిండి తప్ప వేరు ధ్యాస లేకపోయెను. వంటల పుస్తకములు సేకరించినవారు కలరు, నియమము తప్పి దొంగతనముగా తిని కుమిలిపోయినవారును కలరు. మరల అన్నము పెట్టిన పిదపకూడ కొందరికి ఎంత తిన్నను తృప్తి తీరలేదు. దృఢకాయులైన యువకులే అట్లయినపుడు, నలుగురికి వండి వడ్డించుచు తాను పస్తుండు ఇల్లాలి గతి యేమి? కడుపు మాడ్చినచో మనసు అన్నమును పట్టుకొని వ్రేలాడును. అది శరీరధర్మము, పాపము కాదు.

ఇక రక్తము సంగతి. మన నగరమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరులో మెకారిసను దొరచే చిన్న పరిశోధనశాలగా ఆరంభింపబడి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్కనుబట్టి ఇనుము దినమునకు పురుషునకు 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెను. నెలనెల రక్తము పోవుటయే యిందుకు ముఖ్యకారణము. చూడుడు, ఎక్కువ కావలసినది మనకు. మొదట తినువారు వారు! కూర, పప్పు, ఆకుకూర యడుగంటిన పిమ్మట మనకు మిగులునది అన్నము, ఆవకాయ, పలుచని మజ్జిగ. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు తెలంగాణమున నూటికి సుమారు 58 మంది, ఆంధ్రప్రదేశమున 59 మంది అని తేలినది. అదే సర్వేలో తెలంగాణపు స్త్రీలలో నూటికి 30 మంది అధికమైన బరువుగలవారు, 19 మంది ఉండవలసిన దానికంటె కృశించినవారు. లావును చూచి నవ్వువారును, సన్నదనమును చూచి మెచ్చువారును ఆ రక్తమును మాత్రము చూడరు.

బరువునకు తిండి యొక్కటే కారణము కాదు. తల్లిదండ్రులనుండి వచ్చిన కట్టుబాటు, కాన్పులు, థైరాయిడు, నిద్రలేమి, కొన్ని మందులు, వయస్సు, ఇవన్నియు కలిసి దానిని నిర్ణయించును. మధుమేహము, రక్తపోటు రాకుండుటకు బరువు కొంత తగ్గవలసినవారు కలరు, కాదనను. దానిని వైద్యులతో ఆలోచింపవలెను గాని పెండ్లిపందిటిలో కాదు.

మరి మనము చేయవలసినదేమి? అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అను మనశ్శాస్త్ర పండితురాలు 2003లో, మనిషి తనపై తాను చూపవలసిన దయనుగూర్చి వ్రాయుచు దానిని మూడు పాళ్లుగా విభజించెను. తన తప్పునకు తన్ను తిట్టుకొనక మృదువుగా పలుకరించుట ఒకటి. ఈ బాధ నా యొక్కతెదే కాదు, మానవులందరిదని యెరుగుట రెండవది. బాధను దాచకయు, పెంచుకొనకయు, ఉన్నదున్నట్లు చూచుట మూడవది. ఇది మనకు క్రొత్తగాదు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని గీతలో కృష్ణుడు అర్జునునకు చెప్పియేయుండెను. అన్నమును మితముగా, పరధ్యానము లేక, మనసు నిలిపి తినవలెనని చరకుడు విధించెను.

"ఒంటిమీద దయ చూపిస్తే ఒళ్ళు ఇంకా పెరగదూ?" అని మా యెదురింటి వదినగారు అడిగిరి. నేనామెతో ఇట్లంటిని: "వదినా! పిల్లవాడికి జ్వరం వస్తే కొడతామా? కొట్టము. అడిగాడని లడ్లు పెడతామా? పెట్టము. పక్కన కూర్చుని జావ తాగిస్తాము. ఆ జావ తాగించే చెయ్యే దయ." ఆమె మారుపలుకలేదు. దయయనగా విచ్చలవిడితనము కాదు; పగ లేని శ్రద్ధ.

మా యింట మేము చేసికొన్న ఏర్పాటులను చెప్పెదను. మీకు నచ్చినవి గ్రహింపుడు. మొదటిది, రాత్రి భోజనమునకు నలుగురమును ఒక్కసారియే కూర్చుందుము. గిన్నెలన్నియు నడుమ నుంచుకొని ఎవరికి వారు వడ్డించుకొందురు. మొదటి వారము మా అత్తగారికి వింతగా తోచినది. రెండవ వారమున ఆమెయే, "ముందు నీ కంచం పెట్టుకో" అనిరి. రెండవది, కంచములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు. తక్కిన సగములో అన్నమో రొట్టెయో, పప్పు, పెరుగు. పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలుకూడ ఇట్టివే. మూడవది, కాఫీ, తేనీరు భోజనముతో గాక ఒక గంట యెడముగా త్రాగుట. అవి అన్నములోని యినుమును ఒంటబట్టనీయవు. నిమ్మరసము, ఉసిరి, జామ ఒంటబట్టించును. నాలుగవది, పిల్లలకు కొంచెము కొంచెముగా వడ్డించి, కావలెనన్నచో మరల వేయుట. మిగులనిచోట నా కడుపు వారి ఎంగిలికి బుట్ట కానక్కరలేదు. ఐదవది, భోజనముకడ ఎవరి ఒడలినిగూర్చియు మాటాడరాదు. చుట్టములు వచ్చి మొదలుపెట్టినచో మావారు మెల్లగా వంకాయకూర రుచిని ప్రశంసింతురు! ఆరవది, ఎప్పుడో సన్నబడిన పిదప తొడుగుకొందునని దాచిన ఇరుకు రవికెలను విప్పించి, ఇప్పటి ఒంటికి సరిపడ కుట్టించుకొంటిని. ఊపిరి యాడినది.

నోములు, ఏకాదశులు మానుమని నేననను. భక్తితో చేయు ఉపవాసము వేరు. ఒడలిపై కసితో చేయు పస్తు వేరు. మొదటిదాని తరువాత మనసు తేలికయగును. రెండవదాని తరువాత చేయి జంతికల డబ్బాను వెదకును. గర్భవతులు, పాలిచ్చు తల్లులు, మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుల నడుగక ఉపవసింపరాదు.

ఒక హెచ్చరిక. మీ యింటి పిల్ల మానకుండ తిండి తగ్గించుచు కృశించుచున్నను, తిన్నదానిని తానై వాంతి చేసికొనుచున్నను, నెలసరి నిలిచిపోయినను, దానిని మొండితనమని తిట్టకుడు. అది జబ్బు, చికిత్స కలదు. వైద్యులకు చూపుడు. మనసులోని బాధ చెప్పుకొనుటకు టెలి మానస్ అను ప్రభుత్వపు సహాయము 14416 నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే దొరకును.

వైద్యురాలిచ్చిన ఇనుపమాత్రలును, ఈ భోజనమును కలిసి ఆరు మాసములలో నా రక్తము 8 నుండి పదకొండున్నరకు వచ్చినది. బరువు రెండు కిలోలే తగ్గినది. అయినను పంజగుట్ట మెట్లు ఆగకుండ ఎక్కుచున్నాను. దుకాణపు అద్దములో నేనిప్పటికిని కనబడుచునే యున్నాను. ఒక్కొక్కనాడు పాత తిట్టు నాలుకకు వచ్చును. అపుడు ఆ హాస్టలు పిల్ల ఒడి జ్ఞప్తికి వచ్చును. పేరు తెలియని యామె నాపై చూపిన దయను, నాపై నేనేల చూపరాదు? అనుకొని ముందునకు సాగుదును.

మొన్న రాత్రి మా అమ్మాయి రెండవమారు పప్పు వడ్డించుకొనుచు, "నీకు వెయ్యనా అమ్మా?" అన్నది. "వెయ్యి" అంటిని. అపుడు మా తండ్రిగారిని నేనడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినది. సూర్యభగవానుని వరములో ద్రౌపది తినకపోవుట యన్నది లేనేలేదు. ఆమె భుజించిననే గాని ఆనాటి వంట ముగిసినట్లు కాదు. ఇల్లాలు తినని దినము పూర్తికాని దినము. ఇంటింటను ఆ దినము పూర్తియగుగాక!