పట్టు తప్పుతున్న చేతులు

పోగు తెగితే ముడివేయొచ్చు. మరి పోగును పట్టుకునే వేళ్లకే స్పర్శ తెలియకపోతే..?

ధర్మవరం పట్టుచీర ఊరికే తయారుకాదు. ఒక చేయి పలకను లాగాలి. మరో చేయి తాడు గుంజాలి. వెంట్రుక కన్నా సన్నని పోగు తెగితే బొటనవేలు, చూపుడువేలు కలిసి ముడివేయాలి. హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీసేవాళ్లకీ, పెనుకొండ పల్లెల్లో కుట్టుమిషన్‌ను నమ్ముకున్నవాళ్లకీ ఆ వేళ్లే పెట్టుబడి. అవి అర్ధరాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తే, 'నరం పట్టేసింది' అనుకుని చెయ్యి విదిలించి మళ్లీ పడుకుంటారు. ఆ విదిలింపే డాక్టర్లకు తొలి ఆనవాలు. జబ్బు పేరు కార్పల్ టనెల్ సిండ్రోమ్!

సొరంగంలో ఇరుకు
మణికట్టు దగ్గర ఎముకలు, వాటిపై గట్టి పట్టీ కలిసి చిన్న సొరంగంలా ఉంటాయి. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. లోపల వాపు వస్తే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెనవేలికి మాత్రం ఏమీ కాదు. అదీ తిమ్మిరెక్కితే మెడలోనో మోచేతిలోనో తేడా ఉందేమో చూడాలి.

మణికట్టు వంచి, బలంగా, పదేపదే చేసే పనితో ముప్పు పెరుగుతుంది. అయితే నేరమంతా మగ్గానిదే కాదు. షుగరు, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, ఊబకాయం, గర్భం... ఇవీ కారణాలే. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ.

నిమిషంలో పరీక్ష
రెండు చేతుల వెనక భాగాలూ ఆనించి, మణికట్లు కిందికి వంచి నిమిషం ఉంచమంటారు. తిమ్మిరి వస్తే అనుమానం బలపడినట్టే. మణికట్టు మీద వేలితో తట్టినా జివ్వుమనొచ్చు. నరంలో విద్యుత్ సంకేతాల వేగాన్ని కొలిచే పరీక్షతో తీవ్రత తెలుస్తుంది. షుగరు, థైరాయిడ్‌ల కోసం రక్తపరీక్షలూ రాయొచ్చు.

కోత చివరి మెట్టు
మొదట్లోనే వస్తే, రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కొన్ని వారాలు కట్టుకుంటే చాలామందికి ఉపశమనం. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. అప్పటికీ వినకపోతే, చేతికి మాత్రమే మత్తిచ్చి, నరాన్ని నొక్కుతున్న పట్టీని కోసి వదులు చేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. బరువు పనికి కొన్ని వారాలు ఆగాలి.

మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అందుకే చాలామంది మందులషాపులో నొప్పిబిళ్లతో సరిపెట్టుకుంటారు. బిళ్ల సొరంగాన్ని వెడల్పు చేయదు. ఏళ్లు గడిస్తే బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా పూర్వపు పట్టు పూర్తిగా రాకపోవచ్చు.

కొన్ని వారాలు పని ఆపడానికి భయపడితే, ఎప్పటికీ ఆపాల్సి రావచ్చు!