జీడిగింజ పెంకూ, చీనా ట్యాంకూ

ట్యాంకు అనగానే మన ఇళ్లలో డాబా మీది నీళ్ల తొట్టి గుర్తుకు వస్తుంది. హైదరాబాదు వెళ్లి వచ్చినవారికి హుస్సేన్‌సాగర్ గట్టు గుర్తుకు వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు సుమా! ఆ మాట పుట్టుకే నీటితో ముడిపడి వున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారు ఇనుప రేకుల బండి ఒకటి రహస్యంగా తయారు చేస్తూ, గుట్టు బయటపడకుండా అవి నీళ్లు మోసే ట్యాంకులని ప్రచారం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధభూమిలో ఆ నీళ్ల తొట్లు నిప్పులు కక్కుతూ బయలుదేరినవి. అయినా పాత పేరే నిలిచిపోయింది. తెలుగులో 'యుద్ధశకటం' అని రాసినవారు లేకపోలేదు గాని, మా మందసలో ఎవరిని అడిగినా ట్యాంకే.

సముద్రం పక్క జీడితోటల్లో పుట్టిన మాబోటివాళ్లకు చీనావారి ట్యాంకుతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని వున్నది. ఇటు పలాస, అటు టెక్కలి చుట్టుపక్కల ఏ వూరికి వెళ్లినా సైన్యంలో వున్న కుర్రవాడి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. సెలవు ముగిసి తిరిగి వెళ్లేటప్పుడు మందస కోవా పొట్లాలు కట్టుకొని రైలెక్కుతారు. ఆ కోవా లడఖు దాకా పోతుంది. నా దగ్గర బి.ఏ. చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు ట్యాంకుల రెజిమెంటులో గన్నరు. ఒకనాడు వాళ్ల వూరు వెళితే, వాళ్లమ్మ జీడిపప్పు పొట్టు తీస్తూ తలెత్తి అడిగింది:

"మాస్టారు బాబూ, టీవీలో చీనావోళ్ల ట్యాంకి చూపించినారు. ఆలది మనదానికన్నా గట్టిదంట. నిజమేనేటండీ?"

నేను వ్యాకరణం చెప్పుకొని బతికేవాణ్ణి. అయినా ఆ తల్లికి ఏదో ఒకటి చెప్పి లేచి రావడానికి మనస్కరించలేదు. కొన్నాళ్లు పుస్తకాలు తిరగేశాను.

చీనావారు ఈ విద్యలో మొదట నకలు రాసుకున్న విద్యార్థులు. రష్యావారి టి-54 ట్యాంకు నమూనా తెచ్చుకొని, వారి సాయంతోనే లోపలి మంగోలియాలో బావోటౌ అనే చోట ఫ్యాక్టరీ పెట్టి, 1950ల చివర 'టైప్ 59' తయారు చేశారు. ఆ ట్యాంకు మనకు కొత్తది కాదు. పాకిస్తాన్‌కు చీనా ఇచ్చినవి అవే. 1971 డిసెంబరులో రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా దగ్గర ఇసుకలో దిగబడి, మన హంటర్ విమానాల పాలబడినవాటిలో అవీ వున్నవి.

తరువాత గురువుకూ శిష్యుడికీ చెడింది. 1969 మార్చిలో ఉసూరి నదిలోని చిన్న దీవి కోసం రష్యా, చీనా కొట్టుకున్నాయి. రష్యావారి కొత్త ట్యాంకు టి-62 ఒకటి గడ్డకట్టిన నది మీద చెడి ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని రష్యావారు మంచును గుళ్లతో బద్దలుకొట్టి దాన్ని నదిలో ముంచారు. చీనావారు నీట మునిగి దాన్ని పైకి లాగారు! ఇప్పుడది పెకింగు మ్యూజియంలో వున్నది. దాన్ని విప్పి చూచుకున్న తరువాతనే తాము ఎంత వెనకబడి వున్నామో వారికి బోధపడి వుంటుంది.

ఇక్కడ ఒక మనిషిని గురించి చెప్పాలి. ఆయన పేరు ఝూ యూషెంగ్. 1948లో ఆయుధ పరీక్షలో ప్రేలుడు జరిగి ఆయన కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో రాయడం, నక్షాలు గీయడం నేర్చుకున్నాడు. 1984లో, మనవాళ్లయితే పెన్షను పుచ్చుకొని కాశీయాత్రకు బయలుదేరే 66వ ఏట, కొత్త ట్యాంకు నిర్మాణానికి ఆయనను ప్రధాన శిల్పిగా నియమించారు. నడుమ 1991లో గల్ఫు యుద్ధం వచ్చింది. ఇరాకు దగ్గర వున్న రష్యా, చీనా ట్యాంకులను అమెరికావారు దూరం నుంచే చీల్చి చెండాడటం లోకమంతా చూచింది. 1999 అక్టోబరు 1న పెకింగు కవాతులో ఝూ గారి ట్యాంకు బయటికి వచ్చింది. అదే టైప్ 99. దాన్ని ఇంకా మెరుగుపరచిన 99-ఏ ను 2015 సెప్టెంబరు 3 నాటి కవాతులో ప్రదర్శించారు. అప్పటికి ఆ ఒంటిచేతి ఇంజనీరు లేడు. 2014లో, 96వ ఏట కన్నుమూశాడు. శత్రుదేశపు ఆయుధం చేసినవాడే గాని, ఆ పట్టుదలకు నమస్కారం పెట్టకుండా వుండలేను.

ఇక ఆ ట్యాంకు సంగతి. ముగ్గురు మనుషులు ఎక్కుతారు: నడిపేవాడు, పేల్చేవాడు, పెద్ద. గుళ్లు ఎక్కించడానికి నాలుగోవాడు అక్కరలేదు, యంత్రమే ఎక్కిస్తుంది. ఫిరంగి గొట్టం వ్యాసం 125 మిల్లీమీటర్లు, అంటే ఐదంగుళాలకు కాస్త తక్కువ. మన టి-72, టి-90 ట్యాంకుల ఫిరంగీ అంతే. రెండూ ఒకే రష్యా వంశం లోనివి. ఒక విధంగా దాయాదులన్నమాట! 99-ఏ బరువు సుమారు 55 టన్నులు, ఇంజను బలం 1500 గుర్రాలు. భాగించి చూస్తే టన్నుకు 27 గుర్రాలు. మన టి-90 బరువు 46 టన్నుల పైచిలుకు, ఇంజను వెయ్యి గుర్రాలది, టన్నుకు 21 దాటి వస్తుంది. కాగితం మీద వారిదే పైచెయ్యి అని ఒప్పుకోవాలి.

కవచం సంగతి పలాస జీడి కార్ఖానా చూచినవారికి చెప్పడం తేలిక. జీడిగింజకు పైన ఒక పెంకు, లోన ఒక పెంకు. నడుమ తేనెపట్టు గదుల వంటి పొర, అందులో ఒళ్లు పొక్కించే నూనె. పప్పు జోలికి వచ్చినవాడికి ముందు ఆ జీడి తగులుతుంది. నేటి ట్యాంకు కవచమూ అటువంటిదే. వెనకటిలా ఒకే మందపు ఉక్కు కాదు. ఉక్కు పలకల నడుమ పింగాణీ జాతికి చెందిన గట్టి పలకలూ, ఇతర పదార్థాలూ పొరలుగా పేరుస్తారు. దూసుకువచ్చే లోహపు ధార ఒక పొరను చీల్చేసరికి రెండవ పొరలో చెదిరిపోతుంది. ఆపైన టైప్ 99 ముఖాన మందు దట్టించిన ఇటుకల వంటి పెట్టెలు తొడిగారు. గుండు తగలగానే ఇటుక ఎదురు పేలి దాని పోటు తగ్గిస్తుంది.

ఈ విద్యలో మనవారు తీసిపోలేదు. అర్జున్ ట్యాంకుకు తొడిగిన 'కాంచన్' కవచం హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలలో పుట్టింది. దానికి ఆ పేరు ఆ ప్రయోగశాల వున్న కంచన్‌బాగ్ పేట మీదుగా వచ్చింది. ఎవరో బంగారమనే అర్థంలో పెట్టారనుకునే నాబోటి భాషావాళ్లకు ఇది చిన్న నిరుత్సాహం! కాని అర్జున్ కొత్త రకం 68 టన్నులు తూగుతుంది. అంత బరువును మోసే వంతెనలు కొండల్లో ఎన్ని?

ఆ తల్లికి చెప్పని సంగతి ఒకటి వున్నది. గుళ్లు ఎక్కించే ఆ యంత్రం చక్రంలా ట్యాంకు అడుగున, మనుషుల కాళ్ల కింద వుంటుంది. గుళ్లన్నీ దాని చుట్టూ వుంటాయి. కవచం తూట్లు పడి అవి అంటుకున్నాయా, పైన తిరిగే బురుజు గాలిలోకి ఎగిరిపోతుంది. 2022 నుంచి యుక్రెయిన్ యుద్ధంలో ఎన్నో టి-72లకు ఈ గతి పట్టింది. టైప్ 99 లోనూ ఏర్పాటు అటువంటిదే. దాయాదులకు జబ్బులు కూడా ఉమ్మడివే. పైగా టైప్ 99 ఇంతవరకు ఏ యుద్ధంలోనూ గుండు దెబ్బ తిన్నది కాదు. కవాతులో నడిచినది మాత్రమే.

"అమ్మా, గట్టిదే. కాని మీవాడున్న కొండ మీదికి దాన్ని ఎక్కించడం అంత సులువు కాదు" అని మాత్రం చెప్పాను. ఇది ఓదార్పు కోసం అన్నమాట కాదు. పదిహేను వేల అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో కంటే మూడో వంతు పైగా తగ్గిపోతుంది. మనిషికి ఆయాసం వచ్చినట్లే ఇంజనుకూ వస్తుంది. చలికాలంలో మామూలు డీజిలు పేరుకుపోతుంది. సున్నాకు 33 డిగ్రీలు దిగువన కూడా పారే చలికాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ వారు 2019లో లడఖుకు ప్రత్యేకంగా పంపడం మొదలుపెట్టారు. రాత్రిళ్లు లేచి లేచి ఇంజను నడపకపోతే తెల్లవారి అది కదలదని మా కుర్రవాడు చెప్పాడు.

అయినా మనవారు ఆ కొండల మీదికి ట్యాంకులు ఎక్కించారు. 1962 అక్టోబరులో ఫ్రెంచివారి చిన్న ట్యాంకులు ఏ.ఎం.ఎక్స్-13 లను విమానాల్లో చుషూల్ దించారు. 2020 జూన్ 15న గాల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది ప్రాణాలు ఇచ్చారు. అక్కడ ఫిరంగులు లేవు, చేతి దెబ్బలే. ఆ ఏడాదే ఆగస్టు చివర పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన వున్న శిఖరాల మీదికి మన ట్యాంకులు ఎక్కి కూర్చున్నవి. ఎదుట చీనా ట్యాంకులు. 2021 ఫిబ్రవరిలో ఉభయులూ అక్కడి నుంచి వెనక్కి తగ్గారు. ఆ ఆరు నెలలూ ఉద్దానంలో ఎందరు తల్లులు నిద్ర పోయారో ఎవరు లెక్క పెట్టారు?

చీనావారు ఈ బరువు సంగతి ముందే గ్రహించారు. 2018లో బయటపెట్టిన టైప్ 15 సుమారు 33 టన్నులది. ఫిరంగి 105 మిల్లీమీటర్లది. లోపల కూర్చున్నవారికి ప్రాణవాయువు అందించే ఏర్పాటు కూడా వున్నదని వారి పత్రికలు రాశాయి. మనం దానికి జవాబుగా 'జోరావర్' తయారు చేసుకున్నాము. బరువు 25 టన్నులు, ఫిరంగి 105 మిల్లీమీటర్లదే. 1841లో టిబెట్టు మీదికి దండెత్తి, ఆ చలిలోనే నేలకొరిగిన డోగ్రా సేనాని జోరావర్ సింగ్ పేరు దానికి పెట్టారు. 2024 డిసెంబరులో 4,200 మీటర్ల ఎత్తున దాని చేత గుళ్లు పేల్పించి చూచారు.