నీటిని విడదీయు లోహములు

నీటితో బండి నడచునను మాట మనము తరచు వినుచుందుము. నీటిలో ఉదజని ఉన్నమాట నిజమే. కాని దానిని విడదీయుటకు విద్యుత్తు వెచ్చింపవలెను.

1800లో లండనునందు నికల్సను, కార్లయిలు అనువారు ఇత్తడి తీగెలతో నీటిలోనికి విద్యుత్తును పంపిరి. ఒక తీగెవద్ద ఉదజని వెలువడెను. రెండవ తీగె ప్రాణవాయువు సోకి మాసిపోయెను. ప్లాటినము తీగెలు పెట్టిన పిదప రెండు వాయువులును లభించినవి. లోహము యొక్క ప్రాముఖ్యము నాడే తేటపడినది.

సాధారణోష్ణోగ్రతలో, సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలవలెను. ఆచరణలో అంతకు మించి పట్టును. ఆ అదనపు వ్యయమును తగ్గించుటే ఉత్ప్రేరక లోహముల పని. ఆమ్లమాధ్యమమున ఉదజనికి ప్లాటినమును, ప్రాణవాయువునకు ఇరిడియమును మేలైనవి, రెండును అరుదు. క్షారద్రావణమున చవుకయైన నికెలుతో పని జరుగును.

అయినను ఏ లోహమును శక్తిని సృష్టింపజాలదు. నీటితో నడచు యంత్రమని ఎవరైన చెప్పినచో, విద్యుత్తు ఎక్కడిదని ముందుగా అడుగుడని మా మనవి.